తెల్ల అట్ట

మల్టీగన్ పోటీలో గురికి నిలబెట్టే అట్టబొమ్మలు రెండు రకాలు. గోధుమరంగు అట్టను కొట్టాలి. తెల్ల అట్టను కొట్టకూడదు, పొరపాటున తూటా తగిలితే మన సమయానికి సెకన్లు కలుపుతారు. రెండింటి ఆకారమూ ఒకటే. భుజాలు, ఛాతీ, పైన తలకు గుర్తుగా చిన్న చతురస్రం. నిజానికి అవి రెండు అట్టలు కూడా కావు. ఒకే అట్టకు ఒకవైపు గోధుమరంగు, వెనకవైపు తెలుపు. తిప్పి నిలబెడితే చంపదగినవాడు చంపకూడనివాడైపోతాడు. చాలాసార్లు తెల్లదాన్ని గోధుమరంగుదాని ముందు, సగం కప్పేటట్టు పెడతారు. పరుగెత్తుకుంటూ వచ్చిన మనిషి ఆ మిగిలిన సగాన్నే కొట్టాలి.

ఈ ఆట గురించి ఆలోచించినప్పుడల్లా నా బుర్ర ఆ అట్ట దగ్గరే ఆగిపోతుంది. ఎవరిని కొట్టాలో ఎవరిని కొట్టకూడదో ముందే ఎవరో తేల్చి నిలబెడితే, తుపాకీ పట్టుకున్న మనిషికి మిగిలేది నైపుణ్యం ఒక్కటే. న్యాయాన్యాయాల ప్రశ్నంతా అట్టను తిప్పిన చేతి దగ్గరే ఉండిపోతుంది. డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న క్లబ్బులో, నెలకోసారి, ఆ అట్టలు తిప్పే చెయ్యి మా అక్కది.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. పర్చూరు దగ్గర పల్లె. ఆ ప్రాంతం మా చిన్నప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. నల్లరేగడి భూములు, పత్తి, మిరప. గుంటూరులో ఇంజనీరింగు చదివి టెక్సాస్ వెళ్లింది. పదేళ్లుగా ఈ పోటీల్లో పాల్గొంటోంది, ఆరేళ్లుగా తనే నిర్వహిస్తోంది. పరిశోధన పని మీద నేను అక్కడ మూడు నెలలున్నప్పుడు మూడు పోటీలకూ వెళ్లాను, లెక్కలు రాయడానికీ అట్టలకు కాగితాలు అంటించడానికీ.

మల్టీగన్ అంటే రైఫిల్, షాట్‌గన్, పిస్తోలు, మూడూ ఒకే పరుగులో వాడే ఆట. ఒక్కో ఘట్టాన్ని స్టేజ్ అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ తుపాకీతో దేన్ని కొట్టాలి, ఒకటి వదిలి రెండోది ఎక్కడ అందుకోవాలి అన్నదంతా కాగితం మీద రాసి అందరికీ చదివి వినిపిస్తారు. పోటీదారులు ఖాళీ చేతులతో ఆ దారంతా నడిచి చూసుకుంటారు, గాలిలో వేళ్లు చాపుతూ, పెదవులు కదుపుతూ. దూరం నుంచి చూస్తే ఏదో పూజకి మంత్రం వల్లెవేస్తున్నట్టుంటారు. తర్వాత ఒక్కొక్కరే. టైమర్ కూత పెడుతుంది. రైఫిల్‌తో దూరపు ఇనపరేకులు, షాట్‌గన్‌తో మట్టి పలకలు, పిస్తోలుతో దగ్గరి అట్టలు. వాడిన తుపాకీని సేఫ్టీ వేసో ఖాళీ చేసో, గొట్టం కిందికి పెట్టి ఒక పీపాలో వదిలి పరుగెత్తాలి. సేఫ్టీ వెయ్యకుండా వదిలితే ఆ రోజుకు ఇంటికే. గొట్టం కొంచెమైనా వెనక్కి, మనుషులున్నవైపు తిరిగినా ఇంటికే. చివర్లో రేంజ్ ఆఫీసరు ఖాళీ చేసి చూపించమంటాడు. గది ఖాళీ అని తన కళ్లతో చూసేదాకా ఎవరూ అడుగు ముందుకెయ్యరు. పెద్దవాడనీ, పాతవాడనీ, పోలీసువాడనీ మినహాయింపు లేదు. ఇంత కచ్చితంగా ఒకరి ప్రాణానికి ఇంకొకరు జవాబుదారీగా ఉండే చోటు నేను మా విశ్వవిద్యాలయంలో చూడలేదు.

పోటీ నడపడంలో తుపాకీ పని చాలా తక్కువ. అక్క తెల్లవారుజామున అయిదింటికి వెళ్లి కర్రలు పాతుతుంది. మంచినీళ్లు, గొడుగులు, రక్తం ఆపే కట్లు, అంబులెన్సు రావాల్సిన దారి గుర్తులు, డబ్బు కట్టినవాళ్ల జాబితా. ప్రతి మనిషి పరుగు తర్వాత పడిపోయిన రేకులు లేపాలి, అట్టల చిల్లుల మీద కాగితపు ముక్కలు అంటించాలి, మళ్లీ, మళ్లీ. పెళ్లింట్లో బంతి తర్వాత బంతికి విస్తళ్లు ఎత్తేసినట్టు. ఈ పని ఎగ్గొట్టే మగవాళ్లు అక్కడా ఉన్నారు. వాళ్ల పేర్లు అక్క ఒక పుస్తకంలో రాసుకుంటుంది, వచ్చే నెల వాళ్ల వరస చివరికి పోతుంది. ఇంటిపని సిద్ధాంతం మీద మనం రాసిన వ్యాసాలన్నిటికన్నా ఆ పుస్తకం బాగా పనిచేస్తోంది.

ఇంకో సంగతి కూడా నాకు నచ్చింది, చెప్పక తప్పదు. ఆడవాళ్లకి వేరే స్టేజ్ లేదు. అదే దూరం, అదే బరువు, అదే గడియారం. స్త్రీలకు విడిగా ఒక బహుమతి ఉంటుంది గాని, ఫలితాల పట్టిక అందరికీ ఒకటే. దీన్ని చిన్న విషయమనుకోవడానికి లేదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మార్గరెట్ మర్డాక్ అనే ఆమె మగవాళ్లతో కలిసి యాభై మీటర్ల రైఫిల్‌లో పోటీపడి మొదటి స్థానానికి సమంగా నిలిచింది. అట్టలు మళ్లీ పరిశీలించి ఆమెకు వెండి ఇచ్చారు. బంగారం గెలిచిన లానీ బాషమ్ ఆమెను తన మెట్టు మీదికి లాక్కున్నాడు. 1984కల్లా ఆడవాళ్లకు వేరే పోటీలు పెట్టారు. 1992 బార్సిలోనాలో స్కీట్ ఇంకా ఉమ్మడిగానే ఉంది, చైనా నుంచి ఝాంగ్ షాన్ వచ్చి మగవాళ్లందర్నీ దాటి బంగారం గెలిచింది. 1996 అట్లాంటాలో స్కీట్ మగవాళ్లకు మాత్రమే. గెలిచిన మనిషికి తన పతకం నిలబెట్టుకునే పోటీయే లేకుండా పోయింది. ఆడవాళ్ల స్కీట్ 2000లో వచ్చింది. ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్తోలులో మగవాళ్లకు అరవై తూటాలు, ఆడవాళ్లకు నలభై అనే లెక్క 2018లో గాని పోలేదు. కండబలంతో దాదాపు పనిలేని ఆటలో ఈ ఇరవై తూటాల తేడా దేనికి? ఈ ప్రశ్నకు ఎవరూ తిన్నగా జవాబు చెప్పినట్టు నేను చదవలేదు. 2018 చివర్లో పదమూడేళ్ల హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ జాతీయ పోటీల్లో పెద్దల పతకం గెలిచేనాటికి ఆ తేడా పోయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి ఆమె ఒక బంగారం, మూడు వెండి పతకాలు తెచ్చింది.

ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో ఆడపిల్లలు బంతి విసిరే తీరు మీద ఒక వ్యాసం రాసింది, మనలో చాలామంది తరగతుల్లో చెప్పే వ్యాసమే. ఆడపిల్ల తన ఒంటిని పనిచేసే సాధనంగా కాక ఎదుటివాడు చూసే వస్తువుగా కూడా మోస్తుంది కాబట్టి చెయ్యి పూర్తిగా చాపదు, ఉన్న చోటంతా వాడుకోదు అంటుంది. రేంజ్‌లో అక్కను చూస్తే ఆ వ్యాసం గుర్తొచ్చింది. అక్కడ ఆమె చూసే మనిషి. ఆమెను చూసేవాళ్లు కూడా చూసేది ఆమె చేతుల్నే, సేఫ్టీ వేసిందా లేదా అని.

కానీ యంగ్ చెప్పిన ఆడపిల్ల ఎవరు? మా అమ్మమ్మ కాదు. పత్తి, మిరప ఇంతగా రాకముందు మా వైపు జొన్న, సజ్జ వేసేవాళ్లు. గింజ పాలుపోసుకునే రోజుల్లో పిట్టలు తోలడానికి చేలో మంచె వేసి ఆడవాళ్లను, ఆడపిల్లలను ఎక్కించేవాళ్లు. చేతిలో ఒడిసెల. రాయి పెట్టి తల చుట్టూ తిప్పి, భుజమంతా వాడి వదిలితే అది చేను అవతలి గట్టు దాటేదట. పిట్టకు తగలడం లక్ష్యం కాదు, తగిలితే అమ్మమ్మ బాధపడేది కూడా. గురి పెట్టాల్సింది పిట్టకీ కంకికీ మధ్య గాలికి. ముడుచుకున్న ఒళ్లు ఆ మంచె మీద లేదు. అది తర్వాత వచ్చింది, కాస్త డబ్బు, కాన్వెంటు చదువు, పరువుతోపాటు. పత్తికీ మిరపకీ మంచెలతో పనిలేదు. ఆడవాళ్లు చేలోకి వంగి నడుస్తూ కాయ కోస్తారు, పత్తి తీస్తారు. మంచె దిగిన ఒళ్లు వంగింది. అదే ఇంటి మనవరాలు టెక్సాస్‌లో మళ్లీ భుజం నిండా తీసుకుని నిలబడితే నాకు సంతోషం కలిగిందంటే దానికి వెనక ఇంత ఉంది. కాలేజీలో ఎన్‌సీసీ శిబిరంలో పాయింట్ ట్వంటీటూ రైఫిల్‌తో అయిదు తూటాలు కాల్చి, అట్ట తెప్పించుకుని, అయిదు చిల్లులూ ఒక్క అరచేతి కింద పట్టేసరికి నాకు కలిగిన సంతోషమూ అదే. ఆ గర్వాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకోవాలని నాకు లేదు.

చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. ఒళ్లు విప్పుకోవడానికి ఒడిసెల చాలుగదా, తుపాకీయే ఎందుకు?

మా ప్రాంతపు జ్ఞాపకంలో తుపాకీ మనం పట్టుకునే వస్తువు కాదు, మనకు ఎదురుగా ఉండే వస్తువు. ప్రకాశం జిల్లాకు ఆ పేరే 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా నడిచి తుపాకీకి ఛాతీ చూపించిన మనిషి వల్ల వచ్చింది. పల్నాడులో పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతును 1922లో కాల్చి చంపారు. 2007లో ఖమ్మం జిల్లా ముదిగొండలో భూమి అడిగినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. ఊళ్లల్లో లైసెన్సు తుపాకీ అంటే అయిదారు ఇళ్లలో గోడకు వేలాడే పెద్దరికం, ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేది. అది ఆ ఇంటి ఆడమనిషి పేరున ఉండగా నేను ఎక్కడా చూడలేదు.

అక్కతో మొదటిసారి గట్టిగా వాదన పడింది వేరే చోట. నా పరిశోధన సాయుధ పోరాటాల్లో స్త్రీల కథనాల మీద. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' నాకు పాఠ్యగ్రంథంలాంటిది. తెలంగాణ పోరాటంలో దళానికి నాయకత్వం వహించి, తల మీద పదివేల రూపాయల వెల మోసిన మల్లు స్వరాజ్యం 2022లో చనిపోయినప్పుడు ఒక నివాళి కూడా రాశాను. అక్క దాన్ని చదివింది. పోటీ అయ్యాక కారులో అంది: "వాళ్ల గురించి మూడొందల పేజీలు రాసి డాక్టరేటు తెచ్చుకున్నావు. వాళ్లు గురిపెట్టింది మనుషులకే కదే. నేను అట్టలకి పెడుతున్నా. నీకు పేచీ నాతోనేందే?"

వాళ్లు కాల్చింది ఎందుకోసం, నువ్వు కాల్చేది ఎందుకోసం అన్నాను. అది నిజమే. కాని ఆ జవాబు తెల్ల అట్ట దగ్గరికే చేరుతుందని ఆ రాత్రి అనిపించింది. మన ఉద్యమం గోధుమరంగువైపు తిప్పి పెట్టినవాళ్లను కొట్టినప్పుడు అది చరిత్ర. మనమే ఆ రంగులు నిర్ణయించాం గనక మనకు అభ్యంతరం లేదు. పైగా ఆ చరిత్రలోనూ 1951లో పోరాటం విరమించాక తుపాకులు అప్పగించి ఇళ్లకు పోయి సంసారాలు చేసుకోమన్నది ఆడవాళ్లనే. అంటే ఆయుధం వాళ్లకు ఇచ్చిందీ తీసుకుందీ ఇంకొకరు. పల్నాటి యుద్ధంలో ఇంతమంది మగవాళ్లు కత్తులు దూస్తే నింద మోస్తున్నది నాగమ్మ. ఆడమనిషి చేతి ఆయుధాన్ని మనం ఎప్పుడూ అలంకారంగానో అపవాదుగానో చూశాం. పనిముట్టుగా, దాని నియమాలతో, దాని ప్రమాదంతో చూసి మాట్లాడింది తక్కువ.

ఆత్మరక్షణ వాదాన్ని మాత్రం నేను ఇట్టే పక్కన పెడతాను, అక్క కూడా పెడుతుంది. 2012 ఢిల్లీ ఘటన తర్వాత, 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' పేరుతో ఆడవాళ్ల కోసమంటూ అరకిలో బరువున్న రివాల్వరు తెచ్చింది. ధర లక్షా ఇరవైవేలకు పైనే. మిరపకాయ కోసే మనిషికి అది ఎన్నేళ్ల కూలి? ఆడదాన్ని ఎక్కువగా కొట్టేదీ చంపేదీ ఇంట్లోవాడు. పరుపు కింద తుపాకీ ఉన్న ఇంట్లో ఆ తుపాకీ ముందు ఎవరి చేతికి అందుతుంది?

2023 మే 6న డాలస్ పక్కన అలెన్ అనే ఊళ్లో, షాపింగ్ మాల్‌లో ఒకడు ఎనిమిదిమందిని కాల్చి చంపాడు. చనిపోయినవాళ్లలో హైదరాబాదు నుంచి వెళ్లిన ఒక యువ ఇంజనీరు ఉంది. అక్కడి తెలుగువాళ్లందరూ వారంవారం వెళ్లే మాల్ అది. అక్క అంతకు ముందు శనివారం పిల్లకి బూట్లు కొన్నది అక్కడే. వాడు వాడింది అక్క స్టేజ్ మీద మోసే రైఫిల్ రకమే. అదే తయారీ పద్ధతి, అదే దుకాణాల్లో అమ్మకం.

మరుసటి ఆదివారం పోటీ ఉంది. రద్దు చెయ్యమన్నవాళ్లూ, మనకేం సంబంధం అన్నవాళ్లూ సగం సగం. అక్క రద్దు చెయ్యలేదు. కాని అట్టబొమ్మలన్నీ తీయించేసి గుండ్రటి రేకులూ మట్టి పలకలూ మాత్రమే పెట్టింది. రైఫిళ్లు కొనే వయసు 21కి పెంచాలన్న బిల్లుకు మద్దతుగా ఉత్తరం రాసి సంతకం పెట్టింది. అలెన్ హంతకుడి వయసు 33, ఆ చట్టం ఉన్నా వాడు ఆగేవాడు కాదని తనకు తెలుసు. అయినా రాసింది. ఆ బిల్లు అలెన్ తర్వాత రెండు రోజులకే కమిటీ దాటి, అక్కడే ఆగిపోయింది. ఉత్తరం సంగతి తెలిసి క్లబ్బులో కొందరు ఆమె పోటీలకు రావడం మానేశారు.

"నా తుపాకీ ఎవర్నీ చంపలేదు" అనే మాట అక్క ఎప్పుడూ అనదు. ఎందుకనదో నాకు తెలుసు. మా చిన్నప్పుడు పెద్దమ్మ వాళ్లింట్లో, అందరి ఇళ్లలో లాగే, పురుగుమందు డబ్బా మంచం కింద ఉండేది. 1997, 98లో పత్తి పోయి అప్పులు మీదపడి మన రాష్ట్రంలో రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్న రోజుల్లో పక్కింటి ఆమె కూడా పోయింది. మొగుడితో గొడవ, పొద్దున్నే. సాయంత్రానికి ఆ కోపం తగ్గి ఉండేది, అంతకుముందు చాలాసార్లు తగ్గింది. డబ్బా అందుబాటులో ఉంది, అంతే. ఆమె పేరు రైతుల లెక్కలోకీ రాలేదు. చావాలనుకున్నవాళ్లు ఏదో ఒక దారి వెతుక్కుంటారని మన పెద్దవాళ్లంటారు గాని, అది నిజం కాదు. శ్రీలంకలో మరీ విషపూరితమైన మందులు ఒక్కొక్కటే నిషేధించుకుంటూ పోతే ఆత్మహత్యలు బాగా తగ్గిపోయాయి. అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైన ఆత్మహత్యలే. అక్క ఇంట్లో మూడు తుపాకులూ ఇనప బీరువాలో, తూటాలు వేరే గదిలో, తాళం అంకెలు ఆమెకు తప్ప ఎవరికీ తెలియవు. "మనింట్లో ఆ డబ్బాకి ఎవరైనా తాళమేశారంటే?" అంది ఒకసారి. తుపాకీ మీద నేను చదివిన పెద్ద పెద్ద వాదాలకన్నా ఈ ప్రశ్న నాకు ఎక్కువ లోతుగా తగిలింది.

బంతి విసరడం మీద రాసిన ఆ యంగే జీవితం చివర్లో నేరానికీ బాధ్యతకీ తేడా చూపించింది. అన్యాయం జరిగే ఏర్పాటులో మనం రోజూ చేసే మామూలు పనులు ఒక పోగుగా ఉంటే, మనం నేరస్తులం కాకపోయినా ఆ ఏర్పాటును మార్చే బాధ్యత మనకుంటుందని. అక్క కొనే ప్రతి రైఫిలూ ప్రతి తూటా పెట్టే ఆ అంగడికి ఒక కొనుగోలుదారు. అలెన్‌కు ఆమె నేరస్తురాలు కాదు, సంబంధం లేని మనిషీ కాదు. ఆ మధ్యలో నిలబడి ఉత్తరం రాసింది. అది చాలుతుందని నేననను. నేను గింజుకుపోయేది ఇంకో చోట. పురుగుమందుల అంగడిలో నా పోగు ఏమిటి? మా నాన్న ఫీజు కట్టింది మిరప డబ్బుతోనేగా.

మన దేశంలో ఈ ఆటకు చట్టం దాదాపు చోటివ్వదు. ఆ తరహా రైఫిళ్లు పౌరులకు నిషిద్ధం. 2019 సవరణ తర్వాత, క్రీడాకారులకు మినహాయింపుతో, మనిషికి రెండు తుపాకులే. ఆ చట్టం అట్లాగే ఉండాలి అని నా అభిప్రాయం, అక్కకి ఇది కొంచెం కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను.

ఆ మే నెల నుంచి అక్క తన స్టేజుల్లో మనిషి ఆకారం వాడటం లేదు. మిగతావాళ్లు వాడుతున్నారు. ఐపీఎస్‌సీ పోటీల్లో ఎప్పటినుంచో తల లేని ఎనిమిది మూలల అట్ట ఉంది, దాన్నే వాడదామని క్లబ్బులో ప్రతిపాదిస్తే ఓడిపోయింది. 1980లలో ఈ ఆటకు పేరు తెచ్చిన పోటీలు నడిపింది కిరాయి సైనికుల గురించి రాసే ఒక పత్రిక. ఆ పుట్టుక అంత తేలిగ్గా పోదు. గుండ్రటి రేకులు మేలని నేను కూడా మొదట అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. మనిషి బొమ్మ తీసేస్తే తుపాకీ దేనికోసం తయారైందో కూడా కనపడకుండా పోతుంది. తెల్ల అట్ట ఉన్న చోట కనీసం 'వద్దు' అనే మాట ఉంది, దాని పక్కనుంచి పరుగెత్తేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగాల్సి వస్తుంది. రేకుల్లో ఆ ఆగడం లేదు. అక్కతో ఈ మాటంటే, "ఆ క్షణం ఆగినవాళ్లు ఓడిపోతారే, అందుకే ఆగకుండా ఉండటం నేర్చుకుంటారు" అంది. ఆమె నాకన్నా ఎక్కువమందిని దగ్గర్నుంచి చూసింది.

నేను పాఠం చెప్పే కాలేజీలో ఎన్‌సీసీ బాధ్యత తీసుకోమని ఈ ఏడు నన్ను అడిగారు. తీసుకుంటే గ్వాలియర్‌లో శిక్షణకు వెళ్లాలి, తర్వాత ఏటా ఆడపిల్లల్ని ఫైరింగ్‌కు తీసుకెళ్లాలి. చేరే పిల్లల్లో చాలామంది అమ్మలు మిరప కోతకు వెళ్లేవాళ్లు. పిల్లలకు కావాల్సింది సర్టిఫికెట్టు, దానివల్ల కలిసొచ్చే మార్కులు, కానిస్టేబులు ఉద్యోగం. నెలజీతం, సొంత పేరున ఒక బ్యాంకు ఖాతా. రేపు ఏ ముదిగొండలోనో వాళ్లను నిలబెడితే అట్టలు తిప్పేది వాళ్లు కారని నాకు తెలుసు. మొన్న ఒక పిల్ల స్టాఫ్ రూముకి వచ్చి, "మేడమ్, ఈసారి ఫైరింగ్ ఉంటుందా?" అని అడిగింది. పొట్టిగా, బలంగా ఉంది, భుజాలు వెనక్కి పెట్టి నిలబడింది. పేర్లివ్వడానికి నెలాఖరు దాకా గడువుందని చెప్పాను. గడువు నాక్కూడా అదే.